సభలో పలికిన మాట ప్రజలకు అందాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల స్పీకర్లకు, శాసనమండలుల ఛైర్మన్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభాధ్యక్షులకు నమస్కారం.

నేను రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకురాలిని. ముప్పై రెండేళ్లు చెప్పాను. చట్టసభలు, ఎన్నికలు, ప్రాతినిధ్యం నా చదువు, నా ఉద్యోగం, చాలావరకు నా జీవితం కూడా. మీ నలుగురిలో ఎవరితోనూ నాకు పరిచయం లేదు. ఏ పార్టీతోనూ సంబంధం లేదు. అడగదలచుకున్నది ఒక్కటే. 1952 నుంచి మన సభల్లో మన ప్రతినిధులు మాట్లాడిన ప్రతి మాటా, అడిగిన ప్రతి ప్రశ్నా, వేసిన ప్రతి ఓటూ తెలుగు చదవడం వచ్చిన ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతుక్కుని చదువుకునేలా చేయండి. పరిశోధకులు తమ సౌకర్యం కోసం అడుగుతున్న చిన్న కోరికలా ఇది కనిపిస్తుందని నాకు తెలుసు. అలా కాదని చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

శాసనసభ చర్చల సంపుటాన్ని నేను మొదటిసారి చేతిలోకి తీసుకున్నది పీహెచ్‌డీలో చేరిన కొత్తలో, ఒక గ్రంథాలయం వెనకగదిలో. ఆ గ్రంథాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. అట్ట ఊడిపోతే నూలు దారంతో కట్టి ఇనుప బీరువా కింది అరలో పెట్టారు. ముడి విప్పగానే కాగితం అంచులు పొడిపొడిగా నా ఒళ్లో రాలాయి. జిరాక్సు తీయడానికి ఒప్పుకోలేదు, తీస్తే కుట్లు తెగిపోతాయన్నారు. అది నిజమే కూడా. పెన్సిలుతో చేత్తో రాసుకోమన్నారు. అలా ఏడు నెలలు రాసుకున్నాను.

నా అంశం ప్రశ్నోత్తరాల సమయం. సభ వ్యవహారం తెలియనివాళ్లకు ఆ పేజీలు నిస్సారంగా కనిపిస్తాయి. నక్షత్ర గుర్తు గల ప్రశ్న, దాని నంబరు, అడిగిన సభ్యుల పేర్లు, ఎ, బి, సి అంటూ మూడు ముక్కలు. కింద మంత్రిగారి జవాబు: అవునండి, లేదండి, ప్రశ్న ఉత్పన్నం కాదు. అక్కడితో పేజీ తిప్పేస్తే ఏమీ దొరకదు. అసలు సంగతి ఆ తర్వాత వచ్చే అనుబంధ ప్రశ్నల్లో ఉంటుంది. ఫలానా ఊరి చెరువు కట్ట తెగి ఎన్నాళ్లయిందో, ఆ కట్ట కింద ఎన్నెకరాలు ఎండిపోయాయో, ఇంజనీరు ఎప్పుడు వచ్చి చూసిపోయాడో ఒక సభ్యుడు లేచి చెబుతాడు. మంత్రి తడుముకుంటాడు. ఇంకో సభ్యుడు అడ్డు తగులుతాడు. బ్రాకెట్లలో చిన్న అక్షరాలతో ‘అంతరాయం’ అని ఉంటుంది. ఇంకోచోట ‘నవ్వులు’. మరోచోట ‘గంట’. ఆ గంట మోగించింది మీ ఆసనంలో అప్పట్లో కూర్చున్నవారు. ఆ గోలలోనూ మాట పోనివ్వకుండా కొన్ని నిమిషాలకోసారి ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుని షార్ట్‌హ్యాండులో రాసి, వెళ్లి టైపు కొట్టిన రిపోర్టర్లున్నారు. వాళ్ల పేర్లు ఆ సంపుటాల్లో నాకు కనపడలేదు. తెలుగు ప్రజాస్వామ్యం గురించి నాకు తెలిసిన దాంట్లో సగం వాళ్లు పెట్టిన భిక్షే.

ఇప్పుడు మా ఊరి మాట చెప్పాలి. మాది నల్గొండ జిల్లా మునుగోడు వైపు పల్లె. మా మేనత్త నలభై ఏళ్లకే నడుము వంగి, మోకాళ్లు లోపలికి తిరిగి, గోడ పట్టుకుని నడిచేది. పళ్ల మీద గోధుమరంగు గార. మా ఇంటి ముందున్న బావి నీళ్లే అందుకు కారణమని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మన దేశంలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఈనాటి ప్రకాశం ప్రాంతంలో. నల్గొండ సంగతి 1940లలోనే బయటపడింది. అంటే మన సభలు పుట్టేనాటికే ఆ జబ్బు ప్రభుత్వానికి తెలుసు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తాగునీటి కోసం జలసాధన సమితి నడిపిన ఉద్యమంలో భాగంగా పడిన నామినేషన్లవి. బ్యాలెట్ పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. మా పెదనాన్న కొడుకు మా అత్తను ఎత్తుకుని పోలింగ్ బూత్‌కు తీసుకెళ్లాడు. ఆ కాగితం విప్పి మడతపెట్టడానికి ఆమె వేళ్లు వంగలేదు. నేను అప్పటికి ఎన్నికల మీద పాఠాలు చెబుతున్నాను. పోటీదారుల సంఖ్య, చెల్లని ఓట్లు, ధరావత్తు కోల్పోయినవాళ్లు అని బోర్డు మీద లెక్కలు వేసి చూపించేదాన్ని. ఆ రోజు వరండాలో నిలబడి ఆమె చేతులు చూశాక, ఆ లెక్కలు అసలు ప్రశ్నను తాకనే లేదని నాకు అర్థమైంది. ఓటు హక్కు ఉంది, అభ్యర్థులున్నారు, గెలిచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అయినా నాలుగు వందల పైచిలుకు మంది తమ పేర్లే బ్యాలెట్ మీద రాయించుకుని ‘మేం ఉన్నాం’ అని చెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

అదే ఏడాది చట్టం మారింది. లోక్‌సభకు పోటీ చేసే జనరల్ అభ్యర్థి ధరావత్తు 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. దేశమంతటా అభ్యర్థులు ఎక్కువవుతున్నారన్న ఆందోళన దాని వెనక ఉంది, నల్గొండ ఒక్కటే కారణం కాదు. కానీ మా జిల్లావాళ్లకు కనిపించింది మాత్రం ఇంతే: మేం నీళ్లడిగితే నామినేషన్ ఖరీదు పెరిగింది. ఆ తర్వాత ఇరవై మూడేళ్లకు, 2019లో నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు మద్దతు ధర కోసం అదే దారి పట్టారు. మొత్తం 185 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టి పోలింగ్ జరిపారు.

ఈ రెండు సంఘటనల మీద వ్యాసాలు వచ్చాయి, నేనూ రాశాను. అయితే రాస్తున్నప్పుడల్లా ఒక ప్రశ్న అడ్డం పడేది. 1996కు ముందు నలభై ఏళ్లలో మా జిల్లా ఎమ్మెల్యేలు ఫ్లోరైడ్ గురించి సభలో ఏం మాట్లాడారు? ఎన్నిసార్లు లేచారు? ఏ మంత్రి ఏ హామీ ఇచ్చాడు? ప్రభుత్వ హామీల కమిటీ ఆ హామీని వెంటబడి పట్టించుకుందా, వదిలేసిందా? ఇది తెలియకుండా ‘ప్రతినిధులు పట్టించుకోలేదు కాబట్టి జనం నామినేషన్లు వేశారు’ అని రాసేయడం తేలిక. అది అబద్ధమూ కావచ్చు. వాళ్లు గొంతు చించుకుని ఉండవచ్చు. వినని ప్రభుత్వం మీద పడాల్సిన నింద వినిపించిన సభ్యుల మీద పడుతూ ఉండవచ్చు.

నా దగ్గర పరిశోధన చేసిన ఒక అమ్మాయి ఈ పని నెత్తికెత్తుకుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గరి పల్లె పిల్ల, వాళ్ల నాయనమ్మదీ మా అత్త కథే. పాత సంపుటాల స్కాన్లు కొన్ని ఆన్‌లైన్‌లో దొరికాయి. కానీ అవి ఫోటోలు. కళ్లతో చదువుకోవడానికి పనికొస్తాయి, పదం కొట్టి వెతకడానికి పనికిరావు. ఒక్కో సంపుటం వందల పేజీలు. విషయసూచికలో ‘తాగునీరు’ అని ఉంటే లోపల బోరుబావి ఉండవచ్చు, ఫ్లోరైడ్ ఉండవచ్చు, కలరా ఉండవచ్చు. ఇక ఆ పదం ఒక్కో రిపోర్టరు చేతిలో ఒక్కోలా పడింది. ఫ్లోరిన్, ఫ్లోరైడు, ఫ్లోరోసిస్, ఒకచోట ‘విషపునీరు’ అని మాత్రమే. ఆ పిల్ల ఉదయం తొమ్మిదింటికి కూర్చుంటే సాయంత్రానికి మూడు రోజుల సభ దాటేది. కొన్ని సంపుటాలు ఎక్కడా దొరకలేదు. ఒక కార్యాలయంలో రాష్ట్ర విభజనప్పుడు అటు వెళ్లాయన్నారు, అటు వెళితే ఇటే ఉన్నాయన్నారు. పద్నాలుగు నెలలు తిరిగాక ఫెలోషిప్పు గడువు అయిపోయింది. చివరకు తన సిద్ధాంతవ్యాసాన్ని లోక్‌సభలో తాగునీటి మీద వచ్చిన ప్రశ్నలకు మార్చుకుంది. పార్లమెంటు డిజిటల్ లైబ్రరీ ఉంది కాబట్టి ఆ పని నడిచింది. వ్యాసం బాగానే వచ్చింది, డిగ్రీ కూడా వచ్చింది. కానీ వాళ్ల ఊరి ఎమ్మెల్యే ఏమన్నాడో ఆ అమ్మాయికి ఇప్పటికీ తెలియదు.

నా రంగంలో ఏం జరుగుతున్నదో చూడండి. ఎన్నికల మీద పరిశోధనలు కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. ఎన్నికల సంఘం 1951 నుంచి ప్రతి ఎన్నిక గణాంక నివేదికనూ అందుబాటులో పెట్టింది. ఫారం 20 తెచ్చుకుంటే ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో తెలిసిపోతుంది. అభ్యర్థుల ఆస్తులు, కేసులు సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల పుణ్యమా అని బయటికొచ్చాయి. అందుకని పిల్లలందరూ ఎన్నికల మీదే పడతారు. కులాలవారీగా ఎవరికి టికెట్లిచ్చారు, ఎవరు గెలిచారు అన్నది పది రకాలుగా లెక్కగడతారు. ఎన్నిక ఒక్కరోజు వ్యవహారం. గెలిచినవాడు ఆ తర్వాత ఐదేళ్లు ఏం చేశాడన్నది సభ రికార్డులో ఉంటుంది, ఆ రికార్డు చేతికందదు. అందువల్ల ప్రాతినిధ్యం అంటే టికెట్టు, గెలుపు, మంత్రిపదవి అనే అర్థం మా శాస్త్రంలోనూ స్థిరపడిపోయింది, జనంలోనూ స్థిరపడిపోయింది. మా కులంవాడు గెలిచాడా లేదా అని అడుగుతున్నారే తప్ప గెలిచినవాడు మా గురించి నోరు విప్పాడా అని అడగడం లేదు. అడిగినా చూసుకునే దారి లేదు.

సభ ప్రత్యక్షప్రసారాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచిదే. కానీ వీడియో మీద బతికేది తిట్టు. ఎవరు ఎవరిని ఏమన్నారో ముప్పై సెకన్ల ముక్క సాయంత్రానికల్లా ఊరూరా ఫోన్లలో తిరుగుతుంది. అదే రోజు ఒక కొత్త సభ్యుడు తన మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు లేడని నాలుగు నిమిషాలు ఓపిగ్గా చెప్పిన మాట ఎవరికీ చేరదు. ఐదేళ్ల తర్వాత మళ్లీ ఓటడగడానికి వెళ్లినప్పుడు ‘నేను అడిగాను’ అని చూపించుకోవడానికి ఆయన చేతిలో కాగితం ముక్క ఉండదు. కష్టపడే సభ్యుడికి మన వ్యవస్థలో ప్రతిఫలం లేకుండా పోయింది. నాకు తెలిసి ఇది సభల స్థాయి పడిపోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి. బాగా చదువుకుని వచ్చి పద్దుల మీద మాట్లాడే సభ్యుడి శ్రమ ఎవరికీ కనపడకపోతే, రెండో ఏడాదికి ఆయనా అరవడం నేర్చుకుంటాడు.

మన సభల జ్ఞాపకం ఒకచోట లేదు, అదొక కష్టం. 1953 అక్టోబరు 1కి ముందు ఆంధ్ర ప్రాంత సభ్యులు మాట్లాడింది మద్రాసు సభ రికార్డుల్లో ఉంది. ఆ రోజు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మూడేళ్లు కర్నూలు సభ. 1952 నుంచి 1956 దాకా హైదరాబాదు రాష్ట్ర శాసనసభ వేరు. అందులో 175 స్థానాలు, తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ మాట్లాడే సభ్యులంతా ఒకే కప్పు కింద కూర్చున్నారు. 1956 నవంబరు 1 తర్వాత రెండూ కలిశాయి. ఆ కలిసిన సభ కూడా విచిత్రమైన సభ. ఆంధ్రవాళ్లు 1955లో ఎన్నికైనవాళ్లు, తెలంగాణకు 1957లో విడిగా ఎన్నికలు జరిగాయి, అంతా కలిసి ఒకేసారి ఓటేసింది 1962లోనే. ఒకరినొకరు కొత్తగా చూసుకుంటున్న రెండు ప్రాంతాల మనుషులు ఆ ఐదేళ్లు ఒకే సభలో ఏం మాట్లాడుకున్నారో చదివితే ఆ తర్వాతి అరవై ఏళ్ల చరిత్రకు పునాదులు అక్కడే కనిపిస్తాయి. మండలి చర్చలు ఇంకా దయనీయం. 1958లో పుట్టి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చిన సభ అది. మొదటి ఇరవై ఏడేళ్లలో ఉపాధ్యాయులు, పట్టభద్రులు ఎన్నుకున్న సభ్యులు విద్య గురించి అక్కడ మాట్లాడింది అడిగేవారే లేరు. 2014 జూన్ 2 తర్వాత మళ్లీ రెండు రాష్ట్రాలు. ఇప్పుడు ఒక సభ హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్ పక్కన, ఇంకొకటి వెలగపూడిలో. భవనాలు, బస్సులు, అప్పులు పంచుకోవచ్చు. 1956 నుంచి 2014 దాకా ఉమ్మడి సభలో పలికిన మాటను పంచుకోలేం. అది రెండు రాష్ట్రాలదీ పూర్తిగా.

విభజన గురించి మాట్లాడక తప్పదు కనుక ఒక మాట. 1954 నవంబరులో ప్రకాశంగారి ప్రభుత్వం మద్యనిషేధం వ్యవహారంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అక్కడ ఒక్కొక్క ఓటూ లెక్కకు వచ్చింది. అరవై ఏళ్ల తర్వాత, 2014 జనవరి 30న, పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించే తీర్మానాన్ని ఉమ్మడి సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. తెలుగువాళ్ల జీవితాల్లో అంతకంటే పెద్ద నిర్ణయం ఆ తరంలో సభ ముందుకు రాలేదు. ఎటువైపు నిలబడ్డామన్నది ప్రతి సభ్యుడికీ గర్వంగానో బాధగానో జీవితాంతం మిగిలే సంగతి. కానీ మూజువాణి అంటే ‘అనుకూలం అన్నవారు, వ్యతిరేకం అన్నవారు’ అని అరిచిన గొంతులే. పేర్లుండవు. రేపు ఎవరైనా పరిశోధకుడు ఆ ఓటు గురించి రాయాలంటే ప్రసంగాలను బట్టి ఊహించుకోవలసిందే. నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మూజువాణి ఓటును క్లాసులో ఒక నిర్వచనంగా చెప్పి వదిలేశాను, రెండు మార్కుల ప్రశ్నలాగా. ఎవరు ఎటు ఓటేశారో తెలియని చోట ప్రాతినిధ్యానికి లెక్క చెప్పేవాడు లేడని పిల్లలకు గట్టిగా చెప్పలేదు. కనీసం బిల్లుల తుది ఆమోదానికైనా పేర్లతో సహా ఓటింగు జరపండి. బల్ల మీద బటన్ ఉంటే నొక్కితే అయ్యే పని.

ఇక ఆడవాళ్ల సంగతి. 2023లో 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది. జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన జరిగాక సభలో మూడోవంతు స్త్రీలుండాలి. చాలా సంతోషం. నా విద్యార్థినులు కొందరు పంచాయతీల్లో గెలిచారు, వాళ్లలో ఒకరిద్దరు మీ సభల్లోకీ వస్తారని ఆశ. కానీ వాళ్లకంటే ముందు ఆ సభలో నడిచినవాళ్ల మాటలు వాళ్ల చేతిలో పెట్టగలమా? ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి మూడుసార్లు గెలిచారు. తెలంగాణ సాయుధ పోరాటంలో అడవుల్లో తిరిగిన మనిషి చట్టసభలో భూమి గురించి ఏ భాషలో, ఏ నిబంధన పట్టుకుని మాట్లాడింది? టి.ఎన్. సదాలక్ష్మి 1960లో డిప్యూటీ స్పీకర్ అయ్యారు. ఒక దళిత మహిళ మీరు కూర్చునే ఆసనంలో కూర్చుని సభను అదుపు చేసిన రోజులున్నాయి. జె. ఈశ్వరీబాయి ఎల్లారెడ్డి నుంచి రెండుసార్లు గెలిచి వచ్చి మంత్రులను నిలదీశారు. రాజ్యాంగ సభలో దుర్గాబాయి ఏం మాట్లాడారో మా పిల్లలు ఒక్క నిమిషంలో తీసి చూపిస్తారు, ఢిల్లీ రికార్డులు తెరిచి ఉన్నాయి కాబట్టి. సదాలక్ష్మిగారు సొంత గడ్డ మీద, సొంత సభలో చెప్పిన తీర్పు ఒక్కటి అడిగితే గుడ్లప్పగించి చూస్తారు. తప్పు పిల్లలది కాదు.

భాష గురించి కూడా చెప్పాలి. సత్తెనపల్లి నుంచి పలుమార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్యగారి వంటివాళ్లు పట్టుబట్టబట్టి 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో సభలో తెలుగు ఎంత ఎదిగిందో ఆ సంపుటాలే సాక్ష్యం. కోత తీర్మానం, సావధాన తీర్మానం, ప్రజాపద్దుల కమిటీ, సభాసంఘం లాంటి మాటలు ఎవరో నిఘంటువు ముందేసుకుని తయారుచేసి పంపినవి కావు, వాడగా వాడగా నలిగి మనవైనవి. అనంతపురం రైతు సభ్యుడు, వరంగల్ టీచరు సభ్యుడు, శ్రీకాకుళం గిరిజన సభ్యుడు ఎవరి యాసలో వాళ్లు బడ్జెట్ గురించి మాట్లాడిన తెలుగు ఇంకెక్కడ దొరుకుతుంది? డెబ్భై ఏళ్ల రాజకీయ తెలుగు మీ బీరువాల్లో ఉంది. కంప్యూటర్లు తెలుగు సరిగ్గా చదవడం నేర్చుకున్న ఈ రోజుల్లో కూడా దాన్ని అచ్చు ఫోటోలుగా వదిలేస్తే ఎలా?

అందుకని నేను అడుగుతున్న పనులు విడమరచి చెబుతాను. పాత సంపుటాలను అక్షరాలుగా మార్చండి. అరసున్నలు, వలపలగిలకలు, అరిగిన సీసపు అచ్చు ఉన్న పేజీలను యంత్రం తప్పు చదువుతుంది. ఆ తప్పులు దిద్దడానికి తెలుగు, చరిత్ర, రాజనీతిశాస్త్రం పీజీ పిల్లలకు నెలనెలా కొంత గౌరవవేతనం ఇచ్చి పని చెప్పండి. రెండు రాష్ట్రాల్లో అలాంటి పిల్లలు వేలల్లో ఉన్నారు. ఉర్దూ పేజీలకు ఉర్దూ చదివిన పిల్లలను తీసుకోండి, ఆ భాగాన్ని పక్కన పడేయకండి. ప్రతి సభ్యుడి పేరు మీద ఒక పుట పెట్టి, ఆయన అడిగిన ప్రశ్నలు, చేసిన ప్రసంగాలు, కూర్చున్న కమిటీలు అన్నీ అక్కడికి చేర్చండి. నియోజకవర్గం పేరు కొట్టినా, ఊరి పేరు కొట్టినా రావాలి. బ్రిటన్‌లో 1803 నుంచి జరిగిన చర్చలను ఇలాగే పదం కొట్టి వెతుక్కుంటున్నారు. మనకు అంత వెనక్కి వెళ్లాల్సిన పని కూడా లేదు. కమిటీ నివేదికలు, సభ ముందుంచిన పత్రాలు, ప్రభుత్వ హామీల జాబితా, అవి నెరవేరాయో లేదో, అన్నీ అందులోనే ఉండాలి. రికార్డుల నుంచి మాటలు తొలగించే అధికారం మీది, దాన్ని నేను ప్రశ్నించను. తొలగించిన చోట తొలగించినట్టు గుర్తు, ఏ నిబంధన కింద తొలగించారో ఒక్క వాక్యం ఉంటే చాలు. ఏమీ లేకుండా చర్చ అతికించినట్టు ఉంటే ముప్పై ఏళ్ల తర్వాత చదివేవాడు అసలు అక్కడ ఏదో జరిగిందని కూడా తెలుసుకోలేడు. ఉమ్మడి కాలం రికార్డుల కోసం ఇద్దరు స్పీకర్లూ, ఇద్దరు ఛైర్మన్లూ కలిసి ఒక చిన్న కమిటీ వేయండి. నీళ్ల మీద, ఆస్తుల మీద మనకు తగాదాలున్నాయి. దీని మీద తగాదా పడటానికి ఏమీ లేదు.

సభ కూర్చునే రోజుల గురించి చెప్పకుండా రికార్డు గురించి చెప్పడం అసంపూర్ణం. రాజ్యాంగ పనితీరును సమీక్షించిన జాతీయ కమిషన్ 2002లో, డెబ్భై మంది, అంతకు మించి సభ్యులున్న రాష్ట్ర సభలు ఏడాదికి కనీసం 90 రోజులు సమావేశం కావాలని సూచించింది. 175 మంది, 119 మంది ఉన్న మన సభలు ఈమధ్య చాలా ఏళ్లలో ముప్పై రోజులు కూడా కూర్చోలేదు. ఆరు నెలలకు మించి విరామం ఉండకూడదన్న రాజ్యాంగ నియమాన్ని దాటకుండా ఉంటే చాలన్నట్టు తయారైంది. ఒక ప్రతినిధికి ఏడాదిలో నోరు విప్పే అవకాశం ఎన్ని నిమిషాలు వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు, ఆ నిమిషాలు పంచేది మీరే. సమావేశాలు ఎప్పుడు జరపాలన్నది మంత్రివర్గం తేలుస్తుందని నాకు తెలుసు. అయినా ఆ ఆసనం నుంచి మీరు ఒక మాట అంటే దానికి ఉండే బరువు వేరు.

ఈ చదువు ఎంచుకునే పిల్లల గురించి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. పంచాయతీరాజ్ మీద పల్లెల్లో తిరిగి పనిచేసిన ఆచార్య జి. రాంరెడ్డిగారి వంటివారు ఉస్మానియాలో రాజనీతిశాస్త్రానికి ఒక గౌరవం తెచ్చారు. సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని ఈ నేలమీద నిలబెట్టిందీ ఆయనే. ఆ బాట పట్టుకుని మా తరం వచ్చింది. ఇప్పుడు చురుకైన పిల్ల ఎవరైనా కనిపించి ‘శాసనసభ మీద పరిశోధన చేస్తానమ్మా’ అంటే నాకు మొదట భయం వేస్తుంది. సమాచారం ఎక్కడ దొరుకుతుంది, ఎన్నేళ్లు పడుతుంది, ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు ఆగుతారు అని. చీమకుర్తి పిల్ల పద్నాలుగు నెలలు నా కళ్ల ముందు మెదులుతాయి. మీ రెండు సభలూ ఏటా పదిమంది చొప్పున తెలుగులో రాసే పరిశోధకులకు రికార్డుల గదిలో ఒక బల్ల, ఏడాదిపాటు ఫెలోషిప్పు ఇస్తే, పదేళ్లలో మన సభల గురించి మనకే తెలియని చరిత్ర బయటికొస్తుంది. ఆ పిల్లల్లో కొందరు తిరిగి మీ కమిటీలకే పనికొస్తారు, బిల్లులు చదివి సభ్యులకు నాలుగు ముక్కల్లో చెప్పగలిగే మనుషుల కొరత అక్కడా ఉంది.

నా వంతు నేను ఇవ్వగలిగింది ఒకటి ఉంది. ముప్పై ఏళ్లుగా నేను చూసిన ప్రతి సంపుటం నుంచి సభ్యుడి పేరు, తేదీ, అంశం, పేజీ నంబరు కార్డుల మీద రాసుకుంటూ వచ్చాను. తాగునీరు, చెరువులు, చేనేత, కౌలు, వసతిగృహాలు, బస్సు రూట్లు ఒక్కో అట్టపెట్టెలో ఉన్నాయి. మొత్తం పదకొండు పెట్టెలు. దొరకని సంపుటాల జాబితా వేరే నోటుబుక్కులో ఉంది, ఎక్కడెక్కడ వెతికానో, ఎవరు ఏం చెప్పారో తేదీలతో సహా. మీలో ఏ సభ ముందుగా ఈ పని మొదలుపెడితే ఆ సభకు ఇవన్నీ ఉచితంగా అప్పగిస్తాను. రెండూ మొదలుపెడితే రెండో సభకు మరో ప్రతి నా చేత్తోనే రాసిస్తాను. కార్డులు కొన్ని రంగు మారాయి కానీ అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. ఒక మనిషిని, ఒక ఆటోను పంపిస్తే చాలు.

ఇట్లు,
భవదీయురాలు,
రాజనీతిశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు